శాతం కాదు, చాకిరీ లెక్క కట్టండి!



ఆంధ్రప్రదేశ్ సర్కారు 2024లో వికలాంగుల పింఛను 6,000 చేసింది. పక్షవాతంతో మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైనోళ్ళకి, కండరాల క్షీణత ముదిరినోళ్ళకి, ప్రమాదంలో నడుం విరిగి పడిపోయినోళ్ళకి 15,000 అంది. మంచి పనే, మేం కాదనం. 2025 జనవరిలో డాక్టర్ల బృందాలు ఆ మంచాల దగ్గరికి వచ్చాయి. తర్వాత మిగతా వికలాంగుల్ని ఆసుపత్రులకి పిలిచారు. ఆగస్టులో నోటీసులు దిగాయి. నీది 40 శాతం లోపు, పింఛను రద్దు. నీకు 15,000 అక్కర్లేదు, 6,000 చాలు. జనం రోడ్డెక్కాక అప్పీలు పెట్టుకోమన్నారు.

దొంగ సర్టిఫికెట్లు ఉన్నాయి. ఉన్నాయనే అంటాం. వాటిమీద సంతకం పెట్టిందెవరు? వాడలో మంచంమీదున్న ముసలమ్మా? సంతకం పెట్టినోడు కుర్చీలో ఉన్నాడు, మధ్యలో తిన్న బ్రోకరు సెంటర్లో ఉన్నాడు. నోటీసు మాత్రం మన గుమ్మానికొచ్చింది.

అసలు సంగతి ఇంకోటుంది. డాక్టరు కొలిచింది కాలు ఎంత చచ్చింది, చెయ్యి ఎంత లేస్తుంది అని. 15,000 దేనికి? మనిషిని కనిపెట్టుకుని ఉండటానికి. మరి లేపేదెవరు? కడిగేదెవరు? పుండ్లు పడకుండా రాత్రి ఎన్నిసార్లు పక్క తిప్పుతున్నారు? నీళ్ళు ఎంత దూరంనుంచి మోస్తున్నారు? ఇవి అడిగే గడి ఆ శాతంలో ఎక్కడా లేదు. పెద్దకులపోళ్ళ ఇంట్లో దొడ్డి లోపలే ఉంటుంది, పనిమనిషి ఉంటుంది (ఆ పనిమనిషి మన పేటమనిషే). అదే 80 శాతం మన పాకలో ఉంటే ఇద్దరు మోసుకెళ్ళాలి. శాతం ఒకటే. చాకిరీ ఒకటా?

స్వతంత్రంగా పరీక్షించాం అంటారు. ఎవర్నించి స్వతంత్రం? డబ్బు మిగుల్చుకునే సర్కారే కొలిచేవాణ్ణి పంపితే అది స్వతంత్రం ఎలా అవుతుంది? మేం పంతుళ్ళం, పేపర్లు దిద్దేవాళ్ళం. ప్రశ్నే తప్పయితే దిద్దేవాడు ఎంత నిజాయితీపరుడైనా పిల్లోడు తప్పాల్సిందే.

మంచం పక్కన కూర్చున్న కోడలి సంగతి చూడండి. 2025-26లో ఉపాధి హామీ కూలి రోజుకి 307 రూపాయలు. నెలకి 26 రోజుల పని పోయిందనుకుంటే 7,982. చేతిలో పెట్టేది 6,000. మందులు, గుడ్డలు, ఆటో కిరాయి అందులోనే. ఆమె చేసేది పనే కాదన్నట్టు లెక్క. తరతరాలుగా మన చాకిరీకి కట్టిన లెక్క ఇదేగా! తెలంగాణలో 2023లో 4,016 చేశారు. కర్ర పట్టుకుని నడిచేవాడికీ పక్కమీంచి లేవలేనోడికీ అదే.

చట్టం లేక కాదు. 2016 వికలాంగుల హక్కుల చట్టం సెక్షన్ 38 ప్రకారం, 40 శాతం గానీ ఆపైన గానీ ఉండి, రోజువారీ పనులకి ఎక్కువ సాయం కావాల్సిన మనిషి దరఖాస్తు పెట్టొచ్చు. అతని తరఫున సంఘమైనా పెట్టొచ్చు. మదింపు బోర్డు ఎంత సాయం, ఏ రకం సాయం కావాలో తేల్చాలి. సెక్షన్ 24లో చూసుకునేవాళ్ళకి భత్యం మాట కూడా ఉంది. అయితే సాయం ఇచ్చేది ఉన్న పథకాలకి లోబడే అని ఒక మెలిక పెట్టారు. పథకం పెట్టకపోతే హక్కు కాగితంమీదే. అందుకే ఆ బోర్డు ఇంటికి రావాలి, అందులో వికలాంగుల మనిషి, వాడ మనిషి కూర్చోవాలి, కోసేటప్పుడు కారణం తెలుగులో రాసివ్వాలి, అప్పీలు తేలేదాకా పైసా ఆపకూడదు అని అడుగుతున్నాం.

నోటీసు అందినోళ్ళు అప్పీలులో శాతం గురించే కొట్లాడి ఊరుకోవద్దు. ఒక నోటుపుస్తకం తీసుకోండి. ఏడు రోజులు వరసగా రాయండి: ఎన్నింటికి లేపారు, ఎవరు కడిగారు, ఎవరి కూలి పోయింది, రాత్రి ఎన్నిసార్లు లేచారు. రాయడం రాకపోతే బడికెళ్ళే పిల్లలచేత రాయించండి, లేకుంటే మా దగ్గరికి రండి. ఒక జిరాక్సు ఎంపీడీవోకి, ఇంకోటి సోమవారం కలెక్టరు గ్రీవెన్సుకి. రసీదు చేతికిచ్చేదాకా అక్కణ్ణించి కదలొద్దు.