పేరు దాచుకుని ఎన్నాళ్ళు వ్యాపారం?

శుక్రవారం నమాజు ముగించుకుని మస్జిదు మెట్లు దిగుతుండగా, పరుపులు కుట్టే ఒక సోదరుడు నా చేయి పట్టుకుని ఆపాడు. "చాచా, వాట్సాప్‌లో కొట్టు పెట్టమని మావాడు పోరుతున్నాడు. నా పేరు, నా ముఖం నలుగురూ చూస్తే ఉన్న గిరాకీ కూడా పోదా?" అని అడిగాడు. తాతల నాటి నుంచి దూదేకుల వృత్తి వారిది. బూరుగు దూదిని వేళ్ళ మధ్య నలిపి మేలిదో కల్తీదో చెప్పగల మనిషి. ఈ సందేహం ఆయన ఒక్కడిదే అయితే నేను కలం పట్టేవాడిని కాను.

2011 జనాభా లెక్కల ప్రకారం శ్రీకాకుళం, విజయనగరం జిల్లాలలో మన జనాభా నూటికి ఒక్కరు కూడా లేరు. హైదరాబాదు పాతబస్తీలో మన దుకాణానికి మనవాళ్ళే సరిపోవచ్చు. ఇక్కడ అది సాగదు. పరుపు కుట్టినా, జాకెట్టు కుట్టినా, బిరియానీ వండినా, పంక్చరు వేసినా మన గడప తొక్కేది దాదాపు అందరూ ఇతర మతస్థులే. వారి కంటికి కనబడకుండా మనకు పూట గడవదు. దేశంలోని ముస్లిం శ్రామికులలో 61 శాతం మంది స్వయం ఉపాధి మీదనే బతుకుతున్నారనీ, హిందువులలో అది 55 శాతమనీ 2006లో సచార్ కమిటీ లెక్క తేల్చింది. మనకు బ్యాంకు అప్పు పుట్టడం ఎంత కష్టమో కూడా ఆ నివేదికే చెప్పింది. అప్పు తెచ్చి పత్రికలో ప్రకటన వేయించుకోలేనివాడికి, చేతిలో ఉన్న ఫోనును వాడుకోవద్దని చెప్పే హక్కు ఎవరికుంది?

భయం ఊరకే పుట్టలేదు. 2020లో కరోనాను మన మెడకు చుట్టి, పండ్ల బండ్లవారి మీద తప్పుడు వీడియోలు తిప్పింది ఈ మాధ్యమాలలోనే. 2022 ఏప్రిల్‌లో కర్ణాటకలోని ధార్వాడ దగ్గర ఒక ఆలయం వెలుపల ముస్లిం వ్యాపారి పుచ్చకాయలను నేలకేసి కొట్టారు. 2024 జూలైలో ఉత్తరప్రదేశ్‌లో కావడి యాత్ర దారిలోని హోటళ్ళవారు పేర్లు ప్రదర్శించాలన్న ఆదేశాన్ని సుప్రీంకోర్టు ఆపవలసి వచ్చింది. ఇవన్నీ తెలిసే చెబుతున్నాను. వెలివేయడానికి ఒకడు మన మెడలో బలవంతంగా వేలాడదీసే పలక వేరు, పనితనం మీద నమ్మకంతో మనంతట మనం రాసుకునే పేరు వేరు. మొదటిదానిపై న్యాయస్థానంలో పోరాడాలి. రెండోదాన్ని వదులుకోవడం పోరాటం కాదు, లొంగుబాటు.

పైగా దాచడం సాధ్యమా? కొనుగోలుదారు క్యూఆర్ కోడ్ స్కాన్ చేయగానే ఖాతాదారు పేరు తెర మీద పడుతుంది. బోర్డు మీద "న్యూ ఇండియా", "స్టార్" అని రాసుకున్నంత మాత్రాన ఒరిగేదేమీ లేదు. కుతుబ్‌షాహీల కాలంలో షేర్ మహమ్మద్ ఖాన్ శ్రీకాకుళంలో జామియా మసీదు కట్టించిన 17వ శతాబ్దం నుంచీ ఈ గడ్డ మీద ఉన్నవాళ్ళం, నిన్న దిగిన పరాయివాళ్ళలా నక్కడమెందుకు? వారం వారం ఫోనులో ఒక మనిషి పని చేయడం చూసిన పొరుగువాడు అతని గురించి వచ్చిన పుకారును అంత తేలికగా నమ్మడు. మనం కనబడని చోట మన గురించి అబద్ధం చెప్పేవాడు ఒక్కడే మాట్లాడుతుంటాడు.

పొందూరు ఖద్దరుకు, బొబ్బిలి వీణకు, బుడితి ఇత్తడికి వాటి పేరే ప్రచారం. పరుపులు కుట్టేవాడికి ఆ భాగ్యం లేదు. ఫోమ్ పరుపుల కంపెనీల ప్రకటనలు ప్రతి ఇంటి ఫోనులోకీ చొరబడుతున్నాయి. దూది పరుపు ఉండకట్టినప్పుడు విప్పి, ఏకి, కొత్త గలీబు వేసి మళ్ళీ కుట్టించుకోవచ్చునన్న సంగతి కొత్తగా కాపురం పెట్టిన జంటకు ఎవరు చెబుతారు? ఆ సోదరుడు దూది ఏకుతున్న అర నిమిషం వీడియో చెబుతుంది. వాట్సాప్ బిజినెస్ 2018 నుంచి ఉంది. వస్తువుల బొమ్మలు, ధరలు, కొట్టు వేళలు, చిరునామా అందులో ఉచితంగా పెట్టవచ్చు. డబ్బు కట్టి ప్రకటనలు ఇవ్వనక్కరలేదు. డబ్బు పంపుతామంటూ పిన్ అడిగేవాడు మాత్రం దొంగ. సొమ్ము అందుకోవడానికి పిన్‌తో పని లేదు. ఉద్యోగ జీవితమంతా దరఖాస్తులు అందుకుంటూ గడిపినవాణ్ణి. రాష్ట్ర ప్రభుత్వమే 2025 జనవరిలో "మన మిత్ర" పేరుతో సేవలను వాట్సాప్‌లో పెట్టింది. కార్యాలయమే కౌంటరు దాటి వచ్చినప్పుడు కొట్టువాడికి బిడియం దేనికి?

ఇక ఫోను అంటేనే ఫిత్నా అనే పెద్దలకు ఒక మాట. దైవప్రవక్త (స) బజారులో ధాన్యపు రాశిలోకి చేయి పెట్టి, అడుగున తడి తగిలితే, జనం చూసేలా ఆ తడి గింజలను పైన ఉంచవలసిందని వర్తకుణ్ణి మందలించారు. సరుకును ఉన్నదున్నట్టు చూపడం మనకు ఆదేశమే. అబద్ధపు పొగడ్త, దొంగ ఫొటో నిషిద్ధం, నిజమే. ఆడపిల్లల ముఖాలు చూపడం ఇష్టం లేకపోతే చూపవద్దు. మగ్గం వర్కు చేసే చేతులు, పూర్తయిన జాకెట్టు చాలు. ఇంటి నాలుగు గోడలు దాటలేని స్త్రీకి అంగడి దొరికే దారి ఇదొక్కటే.

మన జమాతుల వాట్సాప్ గ్రూపులు చూస్తే బాధ కలుగుతుంది. నెలవంక తగాదాలకు, ఎక్కడివో తెలియని ఫార్వర్డులకు ఉన్న చోటు మన దర్జీ కొట్టుకు లేదు. ప్రతి మస్జిదు కమిటీ రంజాన్ లోపు ఒక ఆదివారం కేటాయించి, డిగ్రీ చదివే ఇద్దరు పిల్లలను కూర్చోబెట్టి, చుట్టుపక్కల మన వర్తకులందరి కొట్లనూ పేర్లతో సహా ఫోనుల్లోకి ఎక్కించాలి. కమిటీవారికి తీరిక లేకపోతే మా ఇంటి అరుగు ఉంది. పరుపుల సోదరుణ్ణి ముందుగా రమ్మన్నాను, వాళ్ళ అబ్బాయినీ వెంటబెట్టుకుని.