ఎవరూ మెచ్చని తరానికే మా ఓటు

"కొత్తొక వింత, పాతొక రోత" అని మన సామెత. స్పోర్ట్స్ కార్ల దగ్గరికి వచ్చేసరికి ఈ సామెత తలకిందులవుతుంది. అక్కడ పాతదే బంగారం, కొత్తదే రోత. ఏ కారు గురించి చదివినా, ఎవరి మాట విన్నా "ఆ రోజుల్లో వచ్చిన కారే కారు, ఇప్పుడొచ్చేవి కూడా కార్లేనా?" అనే మాట ఎదురవుతుంది. ఇందులో నిజమెంత, అభిమానమెంత? ఒక్క కారును తీసుకుని తేల్చి చెబుదామని ఈ వ్యాసం రాస్తున్నాము. ఆ కారు జర్మనీలో తయారయ్యే పోర్షే 911.

ఈ కారునే ఎందుకు ఎంచుకున్నామంటే, అరవై ఏళ్లు దాటినా దీని పేరు మారలేదు, రూపురేఖలు పూర్తిగా మారలేదు, ఇంజన్ వెనకనే ఉంది. తాత, తండ్రి, మనవడు ఒకే ఇంట్లో కనిపించినట్లు ఇందులో తరాలన్నీ వరుసగా కనిపిస్తాయి. మాలో ఎవరమూ ఈ కారు ఎక్కలేదు. చూసింది కూడా ఫొటోల్లో, వీడియోల్లోనే. అయినా ఒక యంత్రం మంచిచెడ్డలు మాట్లాడాలంటే దానికి యజమాని కానక్కరలేదు. బరువు, వేగం, వేడి, ఇవన్నీ మన భౌతికశాస్త్రం పుస్తకంలో ఉన్న పాఠాలే.

911ను 1963లో ఫ్రాంక్‌ఫర్ట్ మోటార్ ప్రదర్శనలో తొలిసారి జనానికి చూపించారు. అప్పుడు దాని పేరు 901. నడుమ సున్నా ఉండే మూడంకెల పేర్లపై హక్కు తమదని ఫ్రాన్స్‌కు చెందిన ప్యూజో సంస్థ అభ్యంతరం చెప్పడంతో అది 911గా మారింది. సంస్థ స్థాపకుని మనవడు ఫెర్డినాండ్ అలెగ్జాండర్ పోర్షే దానికి రూపమిచ్చారు. ఆరు సిలిండర్లు అటు మూడు, ఇటు మూడు పడుకున్నట్లుండే రెండు లీటర్ల ఇంజన్, 130 హార్స్ పవర్, 1,080 కిలోల బరువు, గంటకు 210 కిలోమీటర్ల గరిష్ఠ వేగం. నిలబడిన చోటు నుంచి 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి సుమారు 9 సెకన్లు పట్టేది.

ఆ ఇంజన్‌కు నీటి రేడియేటర్ లేదు. మన మోటార్ సైకిల్ ఇంజన్ చుట్టూ రెక్కలుంటాయి కదా, అలాంటి రెక్కల మీదికి పెద్ద ఫ్యాన్ గాలి విసిరేది. ఆయిల్ కూడా వేడిని మోసుకుపోయేది. ఇంజన్‌ను గాలితో చల్లార్చే ఈ పద్ధతి 1998 దాకా సాగింది. ఆ గరగరమనే శబ్దాన్నే పాత కారు అభిమానులు ప్రాణంగా చూసుకుంటారు.

అయితే వాళ్లు సాధారణంగా చెప్పని సంగతి ఒకటుంది. సైకిల్ వెనక క్యారియర్ మీద బియ్యం మూట పెట్టి తొక్కిన వారికి అది సులభంగా అర్థమవుతుంది. ముందు చక్రం తేలిపోతుంది, మలుపులో వెనక భాగం మన మాట వినదు. పాత 911లో ఇంజన్ వెనక ఇరుసుకు కూడా అవతల ఉండేది. మలుపులో భయపడి ఒక్కసారిగా యాక్సిలరేటర్ వదిలితే చాలు, తోక ముందుకు తిరిగి వచ్చేది. 1968లో ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని 57 మిల్లీమీటర్లు పెంచి సంస్థ ఈ జబ్బును కొంత తగ్గించింది. 1974లో వచ్చిన టర్బో రకానికి జనం పెట్టిన పేరు వింటే ఒళ్లు జలదరిస్తుంది. ఆడవాళ్లను విధవలను చేసేది అని ఆ పేరుకు అర్థం. తొలి కార్లలో బ్రేకు వేస్తే చక్రాలు పట్టేయకుండా కాపాడే ఏబీఎస్ లేదు, ఎయిర్ బ్యాగ్‌లు లేవు. పాత కారు చేయి తిరిగిన డ్రైవర్‌నే మన్నించేది. మిగిలిన వారిని మన్నించలేదు.

ఇంకో విచిత్రం. ఈ రోజు అందరూ నెత్తిన పెట్టుకుంటున్న ఆ పాత కారునే ఒకప్పుడు "పాతబడిపోయింది, ఇక చాలు" అన్నారు. 1977లో పోర్షే సంస్థ 928 అనే కారును తెచ్చింది. ఇంజన్ ముందు, చల్లార్చేది నీరు. 911కు అదే వారసుడని పెద్దలు నిర్ణయించారు. అయితే 1981లో సంస్థ బాధ్యత చేపట్టిన పీటర్ షుట్జ్ ఆ నిర్ణయాన్ని తిరగదోడారు. ఇంజనీరు హెల్ముట్ బాట్ గదిలో ఒక పటం ఉండేదట. అందులో మిగతా కార్ల గీతలు ముందుకు సాగుతుంటే 911 గీత 1981 దగ్గర ఆగిపోయింది. షుట్జ్ పెన్ను తీసుకుని ఆ గీతను పటం దాటి గోడ మీదికి లాగాడని చెబుతారు. పాతది గొప్పదన్న మాట కూడా కాలాన్నిబట్టి మారుతుందనడానికి ఇదే ఉదాహరణ.

1989లో వచ్చిన 964 తరంలో ఏబీఎస్, పవర్ స్టీరింగ్ వచ్చాయి. 1993లో వచ్చిన 993 తరంలో వెనక చక్రాల సస్పెన్షన్‌ను కొత్తగా కట్టి తోక తిరిగే జబ్బును బాగా అదుపు చేశారు. గాలితో చల్లబడే ఇంజన్లలో ఇదే చివరిది, అందరూ మెచ్చేదీ ఇదే.

దాని తర్వాత 1997లో వచ్చింది 996. మా వ్యాసానికి అసలు నాయకుడు ఇదే.

గాలిని వదిలి నీటిని ఎందుకు పట్టుకున్నారు? సరదా కోసం కాదు. పొగ మీద, శబ్దం మీద ప్రభుత్వాల నిబంధనలు ఏటేటా బిగుసుకుంటున్నాయి. ఇంధనం శుభ్రంగా మండాలంటే ఒక్కో సిలిండర్‌కు రెండు బదులు నాలుగు వాల్వులు కావాలి. నాలుగు వాల్వులుంటే అక్కడ పుట్టే వేడిని ఒట్టి గాలితో తీసేయడం చాలా కష్టం. నీరైతే వేడిని ఒకే స్థాయిలో ఉంచుతుంది, శబ్దాన్ని కూడా తనలో కలుపుకుంటుంది. లెక్క చూడండి. 993లో 3.6 లీటర్ల ఇంజన్ ఇచ్చింది 285 హార్స్ పవర్. 996లో అంతకన్నా చిన్నదైన 3.4 లీటర్ల ఇంజన్ 300 ఇచ్చింది. పైగా కారు సుమారు 50 కిలోలు తేలికయింది.

మరి మెచ్చుకున్నారా? లేదు. ముందు దీపాలను చూసి "పెనం మీద పగిలిన కోడిగుడ్డు" అని వెక్కిరించారు. తక్కువ ధర బాక్‌స్టర్ కారుతో విడిభాగాలు పంచుకుందని చులకన చేశారు. లోపలి ప్లాస్టిక్ నాసిరకమన్నారు. నీళ్లు పోసిన రోజే 911 చచ్చిపోయిందన్నారు. ఇందులో కొన్ని విమర్శలు న్యాయమైనవే. ఆ తరం ఇంజన్లలో ఇంటర్మీడియెట్ షాఫ్ట్ బేరింగ్ అనే చిన్న భాగం కొన్నిటిలో విరిగి ఇంజన్ మొత్తాన్ని పాడుచేసింది. అమెరికాలో యజమానులు కోర్టుకు కూడా వెళ్లారు. ఆ లోపాన్ని మేము దాచడం లేదు.

కానీ ఒక్క విషయం ఆలోచించాలి. 1990ల తొలినాళ్లలో పోర్షే సంస్థ నష్టాల్లో మునిగి ఉంది. డబ్బు లేని ఇంట్లో పుట్టిన బిడ్డ 996. అన్నదమ్ములిద్దరూ ఒకే చొక్కా మార్చి మార్చి తొడుక్కున్నట్లు బాక్‌స్టర్‌తో దీపాలు, తలుపులు పంచుకుంది. అలా పంచుకోవడం వల్లనే ఖర్చు తగ్గి ఇల్లు నిలబడింది. 993 కార్లు 69 వేల లోపే తయారైతే 996 కార్లు లక్షా 75 వేలు దాటాయి. 996 నీటికి మారకపోయి ఉంటే కొత్త నిబంధనల ముందు 911 అనే పేరు అక్కడితో ఆగిపోయేదని మా అభిప్రాయం.

తర్వాతి తరాలకు దారి సాఫీ అయింది. 2004లో వచ్చిన 997కు మళ్లీ గుండ్రటి దీపాలు పెట్టగానే అందరూ చప్పట్లు కొట్టారు. నిజానికి దాని లోపల ఉన్నది 996 నేర్పిన చదువే. 2018 చివర్లో చూపించిన 992 తరంలో మామూలు కరేరా రకానికే 385 హార్స్ పవర్. 100 కిలోమీటర్ల వేగం అందుకోవడానికి 4.2 సెకన్లు. అంటే తాత తీసుకున్న సమయంలో సగం కూడా కాదు. 2024లో బ్యాటరీ, మోటారు సాయంతో నడిచే హైబ్రిడ్ 911 కూడా వచ్చింది.

అయితే కొత్తది అన్నిటా మేలని చెప్పడం మా ఉద్దేశం కాదు. 1,080 కిలోల కారు 1,505 కిలోలయింది. 161 సెంటీమీటర్ల వెడల్పు 185 అయింది. ఇరుకు రోడ్డు మీద అది చిన్న తేడా కాదు. 2011లో వచ్చిన 991 తరం నుంచి స్టీరింగ్‌కు కరెంటు మోటారు సాయం వచ్చాక రోడ్డు సంగతి చేతులకు పూర్వంలా తెలియడం లేదని డ్రైవర్లు చాలామంది అంటున్నారు. పాత కారును పానా, స్క్రూడ్రైవర్‌తో విప్పి నేర్చుకోవచ్చు. కొత్త కారు రోగం చెప్పడానికి ముందు కంప్యూటర్ తగిలించాలి. ఐటీఐలో మోటార్ మెకానిక్ ట్రేడ్ చదవబోయే మన సోదరులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. పానా పట్టడం, కంప్యూటర్ చదవడం రెండూ రావాలి.

బరువు పెరగడం తప్పదని కొందరంటారు. దానిని మేము ఒప్పుకోము. జపాన్ వారి మాజ్డా ఎంఎక్స్-5 అనే చిన్న స్పోర్ట్స్ కారు 1989లో సుమారు 950 కిలోలతో మొదలై, 2015లో వచ్చిన నాలుగో తరంలో కూడా వెయ్యి కిలోలకు అటూ ఇటూగానే ఉంది. ఎయిర్ బ్యాగ్‌లూ పెట్టారు, బరువూ అదుపులో ఉంచారు. ప్రతి భాగంలో గ్రాములు లెక్కపెట్టారు కాబట్టే అది సాధ్యమైంది. కాబట్టి కొత్త తరానికి పాత తరం నుంచి నేర్చుకోవలసింది శబ్దం కాదు, పొదుపు.

ఇక మా తీర్పు. తరాలను పోల్చేటప్పుడు ఎవరు ఎంత వేగంగా పరుగెత్తారని మాత్రమే చూస్తే సరిపోదు. ఎవరి చేతికి ఏ పరిస్థితి వచ్చింది, దానితో వారేం చేశారు అని చూడాలి. మొదటి తరం 911ను ఖాళీ కాగితం మీద గీశారు. 992కు ముందువాళ్ల అనుభవమూ, డబ్బూ దండిగా దొరికాయి. నడుమ వచ్చిన 996కు మాత్రం పాతవాళ్ల కోపం, ఖాళీ ఖజానా, కొత్త నిబంధనలు మూడూ ఒక్కసారే ఎదురయ్యాయి. అయినా బండి ఆగలేదు. అందుకే మా ఓటు దానికే.

ఈ వార్షికోత్సవ సంచికలో జర్మనీ కారు గురించి ఎందుకని కొందరు అనుకోవచ్చు. ఈ హాస్టల్‌లో చాలామందిమి మా ఇళ్లలో బడి మెట్లు ఎక్కిన మొదటి తరం. సెలవులకు ఊరికి వెళ్తే "మాట మారింది, పని చేతకావడం లేదు" అంటారు. పట్నం కాలేజీకి వెళ్తే "ఇంకా ఊరి వాసన పోలేదు" అంటారు. మారే పని మొదట ఎవరి మీద పడుతుందో వాళ్లకు రెండు వైపులా మాటలు తప్పవు. మన తర్వాత వచ్చే తమ్ముళ్లకూ, చెల్లెళ్లకూ దారి సాఫీగా ఉంటుంది. అప్పుడు వాళ్లను చూసి అందరూ మెచ్చుకుంటారు. మెచ్చుకోనివ్వండి. పెద్దల దగ్గర ఉన్న పొదుపునూ, పనితనాన్నీ మనం వదలకుండా, మనలో ఉన్న లోపాలను దాచకుండా దిద్దుకుంటూ పోతే చాలు. బేరింగ్ విరిగినచోట బేరింగ్ మార్చాలి. అంతేగాని వచ్చిన దారిన వెనక్కి పోనక్కరలేదు.