గేరుపెట్టె దింపుటకు ముందు

చీరాలనుండి వాడరేవునకు పోవు త్రోవలో నొక రైతుజీపు మిరపబస్తాలతో నిలిచియుండగా చూచితిమి. పాత ఇంజనును, గేరుపెట్టెను తీసి వేఱొక బండివి బిగించిరట. ఇంజను చక్కగా తిరుగుచున్నది. క్లచ్చి త్రొక్కినను గేరు పడదు. పలక చెడినది, పెట్టెను మరల దింపవలెనని మేస్త్రీ చెప్పెను. మే మందుల కంగీకరింపలేదు.

ఈ క్లచ్చి తీగతో గాక నూనె యొత్తిడితో పనిచేయును. పెడలు వద్ద మాస్టరు సిలిండరు త్రోసిన నూనెకు తగినంతయే గేరుపెట్టె వద్ద స్లేవు సిలిండరు కడ్డీ కదలును. స్లేవు లోపలి వ్యాసము 19 మిల్లీమీటర్లకు బదులు 22 ఉన్నయెడల కడ్డీ నాలుగింట మూడు పాళ్లే నడచును. మూడు మిల్లీమీటర్లే గదా యని రైతుసోదరు లనవచ్చును. కాని వైశాల్యము వ్యాసముయొక్క వర్గమును బట్టి పెరుగును. పెడలు తేలికగా దిగును, పలక మాత్రము విడదు.

కావున నొకరు పెడలు త్రొక్కగా వేఱొకరు కడ్డీ నడకను బద్దతో కొలువవలెను. పలుమారులు త్రొక్కిన కొలది నడక హెచ్చినచో తఱచుగా గొట్టములో గాలి చిక్కియుండును. పెడలు త్రొక్కిపట్టి గాలిమర వదలించి, మర బిగించిన పిమ్మటనే కాలు తీయవలెను. తొట్టిలో నూనె తఱుగనీయరాదు. నడక సరిగా నుండియు పలక విడనప్పుడే పెట్టె దింపుట న్యాయము. సంఘములో అప్పుచేసి ఇంజను మార్పించు సభ్యులు ఈ కొలత చూడకుండ రెండవ కూలి యీయరాదని మా యభిప్రాయము.

పూర్వము బ్రేకునూనెలో ఆముదము కలిపెడివారు. అందుచే ఇంటి ఆముదము పోయదగునని తలపరాదు. బ్రేకునూనె వాడు క్లచ్చిలో ఇంజనునూనె పోసినను రబ్బరు ఉబ్బి చెడును. అది తేమను పీల్చును గనుక సముద్రతీరమున డబ్బామూత తెఱచి యుంచరాదు.

ఆ జీపునకు తగిన స్లేవు సిలిండరు వేయగానే గేరు పడినది. పెట్టె దింపుటకని రైతు ముందే యిచ్చిన బయానా మాత్రము తిరిగి రాలేదు.