తామరకు స్టెరాయిడ్ మందు కాదు

కాట్రేనికోన వంటి తీరప్రాంతాల్లో ఉక్కపోత ఎక్కువ. రొయ్యల చెరువుల్లో, వరిచేలల్లో తడిబట్టలతోనే గంటల తరబడి పని. తామరకు ఇంతకంటె అనువైన చోటు లేదు. అయితే ఈనాడు తామర మొండికెత్తడానికి వాతావరణమొక్కటే కారణం కాదు. వైద్యుని చీటీ లేకుండా కొని పూసుకొనే మందులకూ అందులో పెద్ద పాలున్నది.

అటువంటి ట్యూబుల్లో అనేకం ఫంగస్ మందుతో క్లోబెటసాల్, బీటామెథసోన్ వంటి స్టెరాయిడ్‌ను కలిపినవే. స్టెరాయిడ్ చర్మపు రక్షణశక్తిని అణచివేస్తుంది. ఎరుపు, దురద త్వరగా తగ్గుతాయి. ఫంగస్ మాత్రం లోలోపల విస్తరిస్తుంది. నెలల తరబడి పూస్తే చర్మం పలుచబడి, గజ్జల్లో చెరగని చారలు పడతాయి.

2020లో జపాన్ పరిశోధకులు ‘ట్రైకోఫైటన్ ఇండోటినియే’ అనే ఫంగస్‌కు పేరుపెట్టారు. జన్యుమార్పు వల్ల దీనిలోని అనేక రకాలపై టెర్బినఫిన్ పనిచేయదు. నేడది ఐరోపా, అమెరికాల్లోనూ కనిపిస్తున్నది.

స్టెరాయిడ్ పూతలను చీటీపైనే అమ్మాలని 2018లో కేంద్రం నిబంధన బిగించింది. అమలు లేని నిబంధన కాగితమే. అమలాపురం వెళ్తే ఒకరోజు కూలి పోతుందని దుకాణానికి వెళ్ళే శ్రామికుణ్ణి నిందించి లాభం లేదు. సరైన మందు ఊళ్ళోని ప్రభుత్వ ఆసుపత్రిలోనే దొరకాలి.

అంతవరకు మీరు ట్యూబుపై పేర్లు చదవండి. తువ్వాళ్ళు పంచుకోకండి. ఇంట్లో తామర ఉన్నవారందరూ ఒకేసారి చికిత్స పొందండి. దురద తగ్గిందని మందు మధ్యలో మానకండి.