జంపఖానాలు పరచుటయేనా సేవ?

మన సభలలో ఏటేట వినవచ్చు మాట యొకటి కలదు: "ఈ కాలపు పిల్లలకు సంఘమన్న శ్రద్ధ లేదు, తెలుగన్న అభిమానము లేదు. ఎల్లవేళల ఫోనే వారికి లోకము." ఈ మాట ననువారు వేదికపై ఆసీనులై యుందురు. ఆ సమయముననే పదునాలుగు, పదునారేండ్ల బాలురు జంపఖానాలు పరచుచు, కుర్చీలు మోయుచు, మంచినీరు అందించుచుందురు. బాలికలు అతిథులకు బొట్టు పెట్టి, ప్రార్థనగీతము పాడి, వెనుక వరుసకు పోవుదురు. సభ ముగియువరకు వారిని ఒక్క మాట అడుగువారుండరు. ఇక శ్రద్ధ లేనిది ఎవరికి?

చిన్నపని కూడ సేవయే కదా యని కొందరందురు. నిజమే. మన ఊరి గురుద్వారాలో లంగరు చూడుడు. అచ్చట పిల్లలు రొట్టెలు చేయుదురు, పాత్రలు తోముదురు; వారి ప్రక్కన కూర్చుండి పెద్దలును అదే పని చేయుదురు. పెద్దలు చేయని పనిని పిల్లలకు విడిచిపెట్టి దానికి సేవయని పేరిడుట న్యాయము కాదు.

మన సంఘమున వర్తకులు అనేకులు. ఏ వర్తకుడును కుమారుని చేత ఇరువదియేండ్లు దుకాణము ఊడ్పించి, ఒకనాడు హఠాత్తుగా తాళపుచెవులు చేతికీయడు. మొదట తూకము, పిదప చిట్టా, ఆపై గల్లాపెట్టె అప్పగించును. పిల్లవాడు లెక్క తప్పును, దిద్దుకొనును. దుకాణము విషయమున గల ఈ వివేకము సంఘము విషయమున ఏమైపోవుచున్నది?

నాందేడులో మన పిల్లల దినచర్య తలచి చూడుడు. ఇంట తెలుగు, బడిలో మరాఠీ గాని ఇంగ్లీషు గాని, బజారున హిందీ. ఇన్ని భాషలలో మెలగు బాలుడు సరిహద్దు దాటి బాసర చేరినచో, అక్షరాభ్యాసములకు పేరుగాంచిన ఆ క్షేత్రముననే తెలుగు బోర్డు చదువలేక తండ్రి ముఖము చూచును.

1956 నవంబరు 1న హైదరాబాదు రాష్ట్రము విభజింపబడి, మరాఠ్వాడాతో పాటు మన జిల్లా బొంబాయి రాష్ట్రమున చేరెను. 1960 మే 1న మహారాష్ట్రలో భాగమాయెను. భాషాల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక విద్య మాతృభాషలో గరపు వసతులకై ప్రభుత్వములు యత్నింపవలెనని, 1956లోనే రాజ్యాంగమున 350-ఎ అధికరణము చేర్చబడినది. దానిని కోరుట మన విధి. కాని ఏ అధికరణమును ఇంటికి వచ్చి ఓనమాలు దిద్దింపదు.

ఆ పని పిల్లలు చేయగలరు. భండారు అచ్చమాంబ (1874–1905) బడికి పోలేదు. పెండ్లియై మధ్యపరగణాలలో కాపురముండెను. ఆమె యింట నుండి చదువుకొనుచున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు అక్కకు చదువు చెప్పెను. ఆ అక్క 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రచించెను. మరాఠీలోను రచనలు చేసిన ఆ తమ్ముడు, 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము నెలకొల్పినవారిలో ఒకడాయెను. చదువుకొను బాలుడు ఇంట చేసిన సేవ అది. దానికి వేదిక లేదు, పూలదండ లేదు.

కావున కార్యవర్గమునకు మూడు కోరికలు. ఉగాది సభలో సగము కాలము పదునెనిమిదేండ్ల లోపువారికి విడువుడు. తమ దినములు ఎట్లు గడచుచున్నవో, తమకేది ప్రీతియో, ఊరికేమి చేయదలచిరో వారే చెప్పవలెను. నడుమ మరాఠీ మాట దొరలినచో ఎవరును నవ్వరాదు. రెండవది, వారి ప్రీతినే సేవగా మలచుడు. చిత్రములు గీయు బాలిక పసివారికి అక్షరముల బొమ్మలు వేయును. ఫోను విడువని బాలుడు దానితోనే అవ్వల బతుకమ్మ పాటలు పదిలపరచును. మరాఠీ బాగుగా వచ్చినవారు, పనికై వచ్చిన తెలుగు కూలీలకు బ్యాంకులోను ఆసుపత్రిలోను తోడు నిలుతురు. మూడవది, ఈ పత్రికలో ఒక పుట వారికీయుడు.

మార్కులు తగ్గునని తల్లిదండ్రులు భయపడవలదు. వారమునకు రెండు గంటలు చాలును. తప్పుల తెలుగు అచ్చువేయుట ఎట్లని పండితులు శంకింపవలదు. తప్పుల తెలుగును దిద్దవచ్చును. లేని తెలుగును ఎవరు దిద్దగలరు?

ఈ కోరికలు సమ్మతమైనచో ఉగాదికి ముందే తీర్మానము చేయుడు. సమ్మతము కానిచో కారణమును ఈ పత్రికలోనే వ్రాయుడు. పిల్లలును చదివి తెలిసికొందురు. చదువలేనివారికి మీరే చదివి వినిపింపవలసి యుండును.