అయిదు ముఖాల పానా

బ్రేకు గొట్టాల నట్లను మామూలు ఫిక్సు స్పానరుతో విప్పబోయే వారి చేతికి వాహనాన్ని అప్పగించరాదని నా నిశ్చితాభిప్రాయం. మాట కొంచెం కటువుగానే ఉన్నది. కారణం విన్న పిమ్మట తీర్పు మీరే చెప్పండి.

మాస్టర్ సిలిండరు నుండి నాలుగు చక్రాలకూ బ్రేకు నూనె సన్నని ఉక్కు గొట్టాలలో ప్రయాణిస్తుంది. ఆ గొట్టం కొస సన్నాయి మూతి వలె విచ్చుకొని ఉంటుంది. ఆ విచ్చుకొన్న భాగమే ఫ్లేరు. దానిని ఎదుటి గద్దెకు అదిమిపట్టి ఉంచే ఆరు ముఖాల చిన్న నట్టు ఫ్లేర్ నట్టు. నూనె కారకుండా ఆపేది మరచుట్లు అని చాలామంది భ్రమ. ఆపేది ఆ మూతి అదుముడే.

ఇక చిక్కు చూడండి. నట్టు మధ్యగా గొట్టం పోతున్నది కాబట్టి రింగు స్పానరు దూర్చడానికి వీలు లేదు. ఫిక్సు స్పానరు దూరుతుంది గాని అది పట్టేది ఎదురెదురుగా ఉన్న రెండు ముఖాలనే. బలమంతా రెండు మూలల మీద పడుతుంది. నట్టు తుప్పు పట్టి బిగుసుకొని ఉంటే ఆ మూలలు అరిగి గుండ్రమవుతాయి. అప్పుడు కటింగ్ ప్లయరు వస్తుంది, తరువాత సుత్తి, ఉలి వస్తాయి, చివరకు గొట్టమే మెలిపడి తెగుతుంది. ఆ రెంటికీ మధ్యేమార్గం ఫ్లేర్ నట్ స్పానరు. రింగులో ఒక పక్క గొట్టం దూరేటంత చీలిక పెట్టినారు, తక్కిన అయిదు ముఖాలూ నట్టును కౌగిలించుకొంటాయి. షణ్ముఖునికి పంచముఖుని పట్టు! (దీనికి ‘ఖండవలయ పానా’ అని పేరు పెడితే మా ఊరి మెకానిక్కు నవ్వినాడు. ‘బ్రేకు పైపు పానా’ చాలునన్నాడు. ఒప్పుకొన్నాను.)

మా ప్రాంతంలో దీని అవసరం మరీ ఎక్కువ. కైకలూరు, ఆకివీడు వైపు నుండి చేపల బండ్లు మంచు నీళ్ళు కార్చుకొంటూ పోతాయి. చెరువు గట్ల బురద ఎప్పుడూ వాహనాల అడుగున అంటుకొనే ఉంటుంది. బ్రేకు గొట్టాలు పోయేదీ ఆ అడుగుననే. అటువంటి బండి మా ద్వారకా తిరుమల కొండ ఎక్కి, దిగుతున్నప్పుడు పెడలు కింద గొట్టం కారితే ఏమవుతుందో వర్ణించనక్కరలేదు. కొత్త కారుకు ఇక్కడ పూజ చేయించి టైర్ల కింద నిమ్మకాయలు పెట్టేవారు చాలామంది. నిమ్మకాయలకు నేను విరోధిని కాను, బ్రేకు నట్లు కూడా ఒకసారి చూడుమంటాను.

సెట్టు కొనాలా, ఒకటి కొనాలా అన్నది అసలు ప్రశ్న. అయిదారు స్పానర్ల సెట్టు చూడముచ్చటగా ఉంటుంది. కాని ఇంటి కారుకు వాటిలో ఎన్ని పనికివస్తాయి? మా పాత మారుతి 800 గొట్టాలకు 10 మిల్లీమీటర్లది చాలును. కొన్ని ఇతర కార్లకు 11, 12 కావలెను. కనుక నాసిరకం సెట్టు కంటె మంచి 10×11 ఒక్కటి మేలు. అంబాసిడర్ ఉన్నవారి సంగతి వేరు. ఉత్తరపరాలో దాని తయారీ 2014లో ఆగిపోయినా బండ్లు ఇంకా తిరుగుతున్నవి. దాని మరలు అంగుళాల లెక్కవి. 7/16 అంగుళమంటే 11.11 మిల్లీమీటర్లు, దానికి 12 పానా వేస్తే జారక మానదు. వారికి అంగుళాల పానాయే శరణ్యం.

చవక రకంలో లోపం ఎక్కడంటే, చీలిక దగ్గర. బలం పెట్టగానే ఆ రెండు కొమ్ములూ విచ్చుకొంటాయి. విచ్చుకొన్న పానా ఫిక్సు స్పానరు కంటె ఏ విధంగానూ మెరుగు కాదు. అందుచేత తల మందంగా ఉన్నదా, క్రోమ్ వెనేడియం ఉక్కా, లోపల ఆరు కోణాలా పన్నెండా అని చూడండి. పన్నెండు కోణాలది ఇరుకులో తిప్పడానికి అనువే, తుప్పు పట్టిన నట్టుకు మాత్రం ఆరు కోణాలదే పట్టు. జర్మను ప్రమాణం డిన్ 3118 అని చెక్కి ఉంటే నమ్మవచ్చును. అయితే మరీ మందమైన తల కొన్ని ఇరుకు చోట్ల దూరదు, అదొక ఇబ్బంది. అంగడికి పోయేటప్పుడు ఎం6 బోల్టు ఒకటి జేబులో వేసుకొని పొండి. దాని తల సరిగా 10 మిల్లీమీటర్లు. పానా తొడిగి కదిపి చూడండి, లొడలొడలాడితే తిరిగి ఇచ్చివేయండి. అంగడివాడు విసుక్కుంటాడు, విసుక్కోనివ్వండి.

గాలి తీసే నిపిలుకు ఈ పానా అక్కరలేదు. ముందు రింగు స్పానరు తొడిగి ఆ తరువాత ప్లాస్టికు గొట్టం తగిలించవచ్చును.

విప్పే ముందురోజు నట్టు మొదట తుప్పు వదిలించే నూనె వేసి ఉంచండి. బ్రేకు నూనె కారు రంగును తినివేస్తుంది, గుడ్డ దగ్గర పెట్టుకోండి. బిగించేటప్పుడు భీమబలం వద్దు. చిన్న కార్లకు సుమారు 15 న్యూటన్ మీటర్లు చాలు. అతిగా బిగిస్తే మూతి నలిగి అక్కడనే కారుతుంది. బిగించి, గాలి తీసి, ఇంకొకరిచేత పెడలు గట్టిగా తొక్కించి నట్టు చుట్టూ వేలు పెట్టి చూడండి. తడి తగిలితే ఇంకా బిగించవద్దు. విప్పి మూతిని చూడండి.