స్టూడెంటా, నిరుద్యోగా?

మా క్లాసులో ఒకర్ని అందరం ‘అన్నా’ అని పిలుస్తాం. సెకండియర్లో ఈసెట్ బ్యాచ్‌తో వచ్చి చేరాడు. మాకు 19, 20 ఏళ్ళు, ఆయనకి 28. పెళ్ళయింది, రెండేళ్ళ పాప ఉంది. పాలిటెక్నిక్ అయ్యాక పైడిభీమవరంలో ఒక కంపెనీలో ఆరేళ్ళు మెయింటెనెన్స్ పని చేశాడు. కాంట్రాక్టు అయిపోయిందని ఒకరోజు గేట్ పాస్ తీసేసుకున్నారు. ఏడాది తిరిగినా పాత జీతానికి కూడా ఎవరూ పిలవలేదు. అప్పుడు ఈసెట్ రాశాడు.

ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది కదన్నా, ఇంకేం ఇబ్బంది అని ఒకసారి అడిగాను. నవ్వాడు. “ఫీజు గవర్నమెంటు కడతాది తమ్ముడూ. మా గుంటకి పాలు ఎవులు కొంతారేటి?”

మెఫాలో ఆపర్చునిటీ కాస్ట్ అని రెండు మార్కుల ప్రశ్న వస్తుంది, మనం బట్టీ పట్టి రాసేస్తాం. అన్నకి అది నెలనెలా ఇంట్లో రాకుండా పోతున్న జీతం. పెళ్ళాంబిడ్డలున్నవాడికి చదువులో అసలు ఖర్చు ఫీజు కాదు, అదీ.

మన పథకాలు ఈ మనిషిని ఊహించలేదని నాకనిపిస్తుంది. 2020 ఫిబ్రవరి 24న జగనన్న వసతి దీవెన మొదలైంది మన విజయనగరం అయోధ్య మైదానంలోనే. ఇంజినీరింగ్ వాళ్ళకి ఏడాదికి 20 వేలు, తల్లి ఖాతాలో వేశారు. మంచిదే, హాస్టల్ బిల్లు కట్టుకున్నవాళ్ళు ఎందరో. కానీ తల్లి ఖాతా అన్నప్పుడే తెలిసిపోతోంది, స్టూడెంట్ అంటే ఇంట్లో ఇంకెవరో సంపాదిస్తుంటే చదువుకునే పిల్లాడని లెక్క. అన్న ఇంట్లో సంపాదించాల్సింది అన్నే. 20 వేలని 12తో భాగిస్తే నెలకి 1,667.

నిరుద్యోగుల వైపు చూద్దాం. 2018 అక్టోబరు 2న యువనేస్తం మొదలైంది, 22 నుంచి 35 ఏళ్ళవాళ్ళకి నెలకి వెయ్యి. ప్రభుత్వం మారాక ఆగిపోయింది. ఈఎస్ఐ కట్టినవాళ్ళకి 2018లోనే కేంద్రం అటల్ బీమిత్ వ్యక్తి కల్యాణ్ యోజన తెచ్చింది. ఉద్యోగం పోతే సగటు జీతంలో సగం, గరిష్ఠంగా 90 రోజులు, అదీ జీవితంలో ఒక్కసారి. ఇంకో ఉద్యోగం దొరికేదాకా గడవడానికి అది పనికొస్తుందేమో. ఈసెట్‌లో వచ్చినవాడికి బీటెక్ మూడేళ్ళు!

స్వీడన్‌లో 2022లో ఒక పద్ధతి పెట్టారు. కనీసం ఎనిమిదేళ్ళు పని చేసినవాళ్ళు మళ్ళీ చదువుకెళితే, ఒక పరిమితి దాకా, పాత జీతంలో 80 శాతం వరకు ఇస్తారు, సుమారు ఒక విద్యా సంవత్సరం పాటు. వాళ్ళ డబ్బు వేరు, మన డబ్బు వేరు, ఒప్పుకుంటాను. నాకు నచ్చింది ఆలోచన. పనిచేసి వచ్చినవాడు చదువుకుంటుంటే అతన్ని పిల్లాడిలా కాకుండా సంసారిలా చూశారు.

డబ్బు కోసమే సీట్లలో చేరి మాయమైపోతారు అంటారు మా రూమ్మేట్. వాడి భయం తీసిపారేసేది కాదు, కాగితాల మీదే నడిచిన అడ్మిషన్ల గురించి మనం విననిది కాదు. కానీ మనకి అటెండెన్స్ ఉంది, సెమిస్టర్ రిజల్ట్ ఉంది. ఆ రెండూ చూసి నెలనెలా వేయొచ్చు, రాకపోతే ఆపేయొచ్చు. ఊరికే ఇంట్లో ఉన్నవాడిని కనిపెట్టడం కంటే క్లాసులో ఉన్నవాడిని కనిపెట్టడం సులువు.

2024 ఎన్నికల్లో సూపర్ సిక్స్‌లో నిరుద్యోగులకి నెలకి 3 వేలన్నారు. దాని రూల్స్ రాసేవాళ్ళకి నాదొక్కటే అడుగుడు: రెగ్యులర్ కోర్సులో చేరాడన్న కారణంతో పేరు కొట్టేయకండి. 25 దాటి, పని పోగొట్టుకుని, చదువుకొచ్చినవాళ్ళకి కోర్సు అయ్యేదాకా ఇవ్వండి. వాళ్ళ సొంత ఖాతాలో వేయండి.

అన్న ఇప్పుడు రాత్రిళ్ళు ఒక గోడౌన్‌లో వాచ్‌మన్‌గా చేస్తున్నాడు. ఉదయం ఫస్ట్ అవర్‌కి రాలేడు, వచ్చినా చివరి బెంచీలో నిద్రపోతాడు. అటెండెన్స్ 67 దగ్గరుంది. 65కి తగ్గితే కాండొనేషన్ కూడా ఉండదు, డిటెయినే. సోమవారం ల్యాబ్ ఉంది, నైట్ డ్యూటీ ఎవరితోనైనా మార్చుకోమని చెప్పాను. చూస్తానన్నాడు.